వయసు మళ్ళిన అమ్మానాన్నల ఫొటోలు: బ్రాడీపేట ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 78, అమ్మగారికి 72. గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు. మీకు హైదరాబాదులో ఉద్యోగం, నెలకోసారి శని, ఆదివారాలు వస్తారు. చేతిలో ఫోను, బీరువాలో పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఉన్నాయి. కెమెరా తీయగానే నాన్నగారు ఇస్త్రీ చొక్కా కోసం లేస్తారు. అమ్మగారేమో "ముసలి మొహం, నాకెందుకురా ఫొటో" అని కొంగు అడ్డం పెట్టుకుంటారు. అమ్ముకోవడానికి కాదు, మీకోసమే. అయినా ఫ్యామిలీ గ్రూపులో పడేసే ఫొటోల్లా కాకుండా పద్ధతిగా, ఒక పనిలా చేయాలని ఉంది. కొత్త కెమెరా కొనాలా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

కొనక్కర్లేదు. ఉన్న 18-55 చాలు, అసలు ఫోను ఒక్కటున్నా చాలు. ఇంట్లో ఒక చోటు, ఒక వేళ, వాళ్ళు రోజూ చేసే ఒక పని ఎంచుకోండి. ఏడాది పాటు ప్రతి నెలా దాన్నే తీయండి. నెలకి రెండో మూడో ప్రింటు వేయించండి. వయసును తీయాలని మాత్రం కూర్చోకండి. ముడతల మీదికి లెన్సు గురిపెడితే వచ్చేది చర్మం ఫొటో, మీ అమ్మగారి ఫొటో కాదు. ఆవిడ గోంగూర వలుస్తుంటే తీయండి, వయసు ఆ వేళ్ళలో దానంతటదే వస్తుంది.

ముందు వాళ్ళు ఎందుకు వద్దంటున్నారో చూద్దాం, సగం పని అక్కడే ఉంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఒంటరిగా, నిటారుగా, కెమెరా వైపు చూస్తూ తీసే ఫొటో అంటే ఒకటే గుర్తొస్తుంది: గోడకి తగిలించి దండ వేసేది. పైకి అనరుగానీ "దానికోసమేనా?" అన్న అనుమానం ఉంటుంది. కొందరు నవ్వుతూ అనేస్తారు కూడా. అందుకని మొదటి రోజే ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి పోర్ట్రెయిట్ తీయకండి. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఆయనకి నచ్చినట్టే ఒక మర్యాద ఫొటో అయిదు నిమిషాల్లో తీసేయండి. మళ్ళీ వచ్చేటప్పుడు దాన్ని 6×8 అంగుళాల సైజులో ప్రింటు వేయించి చేతిలో పెట్టండి. తమ ఫొటో ఎలా ఉండాలో తామే చెప్పామన్న తృప్తి వాళ్ళకి దక్కుతుంది. ఆ తర్వాత బనియనుతో పేపరు చదువుతుంటే తీసినా పెద్దగా పట్టించుకోరు.

అమ్మగారి దగ్గర ఇంకో దారి. ముఖం జోలికి వెళ్ళకుండా మొదటి నెల ఆవిడ వస్తువులు తీయండి. పోపుల పెట్టె, తులసికోట దగ్గర ఇత్తడి చెంబు, కళ్ళజోడు, మంచం పక్కన మాత్రల డబ్బా. రెండో నెల చేతులు. మూడో నెలకి ఆవిడే "ఈ వంకాయలు చూడు ఎంత లేతగా ఉన్నాయో, తీసుకో" అని పిలిచే అవకాశం చాలా ఎక్కువ. తొందరపడి దాపుగా తీస్తే, అంటే తలుపు చాటు నుంచో నిద్రపోతున్నప్పుడో తీస్తే, ఒకసారి తెలిశాక ఇక కెమెరా చూసినప్పుడల్లా బిగుసుకుపోతారు. ఆ బిగువు పోవడానికి నెలలు పడుతుంది.

వెలుతురు. మన వైపు ఇళ్ళలో దీని లెక్క వేరు, పై దేశాల వీడియోలు చూసి నేర్చుకుంటే ఇక్కడ పనికిరాదు. ఎండాకాలం పొద్దున పదింటికల్లా కిటికీలు మూసి పరదాలు దించేస్తాం. ఇక సాయంత్రం దాకా ఇంట్లో ట్యూబులైటే. కాబట్టి మే నెలలో మీకు దొరికే మంచి వేళ పొద్దున ఆరు నుంచి ఎనిమిది. సూర్యోదయం అయిదున్నర ప్రాంతంలోనే అవుతుంది, పెద్దవాళ్ళు అప్పటికే లేచి ఉంటారు, మీరు లేవడమే కష్టం. జనవరిలో సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో గనక కాస్త తీరిక ఉంటుంది.

ఇంకో సంగతి. గుంటూరు, విజయవాడ రెండూ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. అందుకే దక్షిణం కిటికీలోంచి వేసవిలో నేరుగా ఎండ రాదు. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు అదే కిటికీలోంచి ఎండ గదిలోకి నాలుగైదు అడుగులు వస్తుంది. చలికాలం పెద్దవాళ్ళు ఆ ఎండలోకి కుర్చీ లాక్కుని కూర్చునేది ఇందుకే. మీ ఏడాది ఫొటోలు ఆ కిటికీ దగ్గరే తీస్తే కాలం మారడం నేల మీది ఎండలో కనపడుతుంది, తేదీ రాయక్కర్లేదు.

కిటికీ పక్కన కూర్చోబెట్టేటప్పుడు కిటికీ వాళ్ళ వెనక కాదు, పక్కన ఉండాలి. ముఖం కిటికీ వైపు సగం తిరిగి ఉండాలి. కిటికీకి మూడు, నాలుగు అడుగుల దూరం. మరీ అంచున కూర్చుంటే ఒక చెంప తెల్లగా మండిపోయి రెండో చెంప నల్లగా మునిగిపోతుంది. అలా అయితే చీకటి వైపు ఒక తెల్ల పంచె కుర్చీ వీపు మీద ఆరేయండి. రిఫ్లెక్టరు కొననక్కర్లేదు, ఉతికిన పంచె ఆ పని చేస్తుంది. దోమల మెష్ మూసి ఉంటే వెలుతురు మెత్తబడుతుందిగానీ తగ్గిపోతుంది. చీకటిగా అనిపిస్తే ముందు మెష్ జరపండి, ఆ తర్వాతే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచండి.

గోడల రంగు కూడా చూసుకోవాలి. లేత ఆకుపచ్చ, గులాబీ రంగు గోడలు మన దగ్గర ఎక్కువ. ఆకుపచ్చ గోడ పక్కన కూర్చుంటే ముఖానికి ఆ పచ్చదనం అంటుకుని జబ్బు మనిషిలా కనపడతారు. కొడుకు పెట్టిన ఫొటో చూసి బంధువులు "నాన్నకి ఒంట్లో బాగాలేదా?" అని ఫోన్లు చేయడానికి ఒక్కోసారి కారణం గోడే. కుర్చీని గోడకి మూడడుగులు ముందుకి జరపండి. అప్పటికీ పోకపోతే పంచె తెలుపును ఆధారం చేసుకుని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగులు దిద్దే సెట్టింగు) సరిచేయండి.

ట్యూబులైటు చారలు. సైలెంట్ షట్టర్‌తో, అంటే చప్పుడు లేకుండా తీసే పద్ధతిలో తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయని చాలామంది కెమెరాని తిడతారు. తప్పు కెమెరాది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి, చారలు పోతాయి. అంతకంటే వేగం కావాలంటే సైలెంట్ ఆపేసి మామూలు మెకానికల్ షట్టర్ వాడండి. చారలు బాగా తగ్గుతాయి, ఒక ఫొటోకీ ఇంకోదానికీ వెలుగులో తేడా మాత్రం కాస్త ఉంటుంది. ఇంకో చిక్కు: గదిలో ట్యూబులైటు, పసుపు బల్బు, కిటికీ వెలుతురు మూడూ కలిస్తే ఏ సాఫ్ట్‌వేరుతోనూ రంగులు కుదరవు. పగలైతే లైట్లన్నీ ఆర్పేయండి. రాత్రయితే ఏదో ఒకటే ఉంచండి. ఫ్లాష్ వద్దు. శుక్లాల ఆపరేషను అయిన కళ్ళకి అది బాగా ఇబ్బంది, పైగా ఒక్కసారి మెరిస్తే ఆ పూటకి ఆ గదిలో సహజంగా ఉన్నదంతా చెదిరిపోతుంది.

కెమెరా సెట్టింగులు. 18-55ని 24 దగ్గరకి తిప్పి జూమ్ రింగుకి చిన్న సెల్లోటేపు అంటించేయండి. నిజంగానే అంటున్నాను. జూమ్ ఆడుతుంటే ప్రతి నెలా ఫొటో వేరే చోటు నుంచి తీసినట్టు ఉంటుంది. టేపు వేస్తే మీ కాళ్ళే దూరం నేర్చుకుంటాయి. తర్వాత ఎప్పుడైనా కొనాలనిపిస్తే 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు తీసుకోండి (ఎఫ్ అంకె చిన్నదయ్యే కొద్దీ లెన్సు రంధ్రం పెద్దదవుతుంది). చవక అని అందరూ 50 కొనిపిస్తారు, కానీ మీలాంటి చిన్న సెన్సరు (ఫొటో పడే చిప్పు) కెమెరాకి అది పది బై పది గదిలో మరీ దగ్గర. వీపు గోడకి ఆనినా మనిషి నడుము పైభాగమే పడుతుంది.

మోడ్ అపెర్చర్ ప్రయారిటీ, అంటే లెన్సు రంధ్రం సైజు మీరు పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ఐఎస్ఓ ఆటోలో పెట్టి గరిష్ఠం 3200, కనీస షట్టర్ 1/125. రాత్రి ట్యూబులైటు కింద మాత్రం ఆ కనీసం 1/100కి దించండి. ఫైలు రా (కెమెరా దిద్దకుండా ఉంచే అసలు ఫైలు), జేపెగ్ రెండూ. పాత కెమెరాలో 3200 దగ్గర గరుకు కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ప్రింటులో అది సగం కూడా తెలియదు. అదురు అలా కాదు, ప్రింటులో ఇంకా బాగా తెలుస్తుంది. చేతులు కదిలే పనికి, అంటే మజ్జిగ చిలకడం, పూలు కట్టడం లాంటివాటికి, 1/250 కావాలి. చేతులు వణికే మనిషయితే ఆ వణుకు కనపడాలా వద్దా అని ముందే మీరు తేల్చుకోండి. 1/50 దగ్గర వణుకు మసకగా పడుతుంది, 1/250 దగ్గర ఆగిపోతుంది. రెండూ సరైనవే. కెమెరా ఎటు తోస్తే అటు వెళ్ళడమే సరి కాదు.

ఎఫ్ 1.8 మోజు గురించి ఒక మాట. చిన్న సెన్సరు మీద 50 లెన్సుతో మీటరు దూరంలో ఎఫ్ 1.8 పెడితే ఫోకస్‌లో ఉండే లోతు మూడు సెంటీమీటర్లే. ఒక కన్ను స్పష్టంగా, రెండో కన్ను మసక. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఒకరు పూర్తిగా పోతారు. ఎఫ్ 4 దగ్గర మీటరున్నర దూరంలో పద్నాలుగు సెంటీమీటర్లు దొరుకుతుంది, మీ 24 దగ్గరైతే అంతకి నాలుగింతలకి పైగానే. అదీ కాక వెనకున్న క్యాలెండరు, మేకుకి వేలాడే సంచి, దేవుడి పటాలు, గోడ గడియారం మసకైపోతే ఇల్లు పోయినట్టే. పదేళ్ళ తర్వాత మీరు వెతికేది వాటినే.

ఫోనుతో తీస్తే ముందు బ్యూటీ మోడ్ ఆపేయండి. చాలా ఫోన్లలో అది ఫ్రంట్ కెమెరాకే అనుకుంటాం, కొన్నింటిలో వెనక కెమెరాకీ ఆన్ అయి ఉంటుంది. ముడతలు చెరిపేసి ముఖాన్ని మైనపు బొమ్మ చేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. నెరిసిన జుట్టు అంచులు, కళ్ళజోడు కాడ, చెవి, ఇవి దానికి అర్థం కావు, సగం కోసేస్తుంది. ఫోను మెయిన్ కెమెరా చాలా వెడల్పుది గనక రెండడుగుల దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదైపోతుంది. అయిదడుగులు వెనక్కి జరిగి 2 ఎక్స్ వాడండి. నైట్ మోడ్ రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది, ఆ లోపల కదిలిన చేయి మాయమవుతుంది. అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి. జేబులోంచి తీసిన ఫోను లెన్సు మీద చెమట, నూనె ఉంటాయి, కిటికీ వెలుతురు పొగమంచులా పరుచుకునేది అందుకే.

తెల్ల పంచె, తెల్ల బనియను, చామనఛాయ ముఖం. కెమెరా తడబడేది ఇక్కడే. ఫ్రేములో తెలుపు ఎక్కువైతే కెమెరా భయపడి మొత్తం చీకటి చేస్తుంది, ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజరు (ఫొటో వెలుగు) +0.3 నుంచి +0.7 దాకా పెంచండి, పంచె మీద మడతలు కనిపిస్తున్నంతవరకే. మడతలు మాయమైతే ఎక్కువైనట్టు. ఫోనులో అయితే ముఖం మీద నొక్కి పట్టుకుని లాక్ చేయండి.

కెమెరా ఎత్తు గురించి ఎవరూ చెప్పరు, కానీ ఫొటో మర్యాదగా ఉందా లేదా తేల్చేది అదే. నిలబడి కుర్చీలోని మనిషిని తీస్తే పైనుంచి చూసినట్టు ఉంటుంది, ముసలివాళ్ళు ఇంకా చిన్నగా, నిస్సహాయంగా కనిపిస్తారు. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మీరు ముక్కాలి పీట మీద కూర్చోండి. నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంటే మీరూ నేల మీదే. మంచాన పడ్డ మనిషయితే పక్కన కుర్చీ వేసుకుని, లెన్సు దిండు ఎత్తుకి దించి తీయండి. మంచం కాళ్ళ వైపు నిలబడి తీసేది ఆసుపత్రి ఫొటో అవుతుంది.

ఇక అదే ఫ్రేము ప్రతి నెలా ఎలా? మొజాయిక్ నేలయితే గచ్చు గీతలు, టైల్స్ అయితే టైల్ అతుకులు మీ కొలబద్ద. "కుర్చీ ముందు కాళ్ళు కిటికీ నుంచి రెండో గీత మీద, నా పీట అయిదో గీత మీద, లెన్సు 24" అని ఒక్క లైను ఫోనులో రాసుకోండి. ట్రైపాడ్ అక్కర్లేదు. అమెరికన్ ఫొటోగ్రాఫరు నికొలస్ నిక్సన్ 1975లో తన భార్యనీ, ఆమె ముగ్గురు తోబుట్టువులనీ ఒక వరసలో నిలబెట్టి తీశాడు, ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకి పైగా ప్రతి ఏడూ అదే వరసలో తీస్తూ వచ్చాడు. ఒక్కో ఫొటో విడిగా చూస్తే నలుగురు ఆడవాళ్ళు, అంతే. వరసగా పెడితే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మన దేశంలో చూడాలంటే ఉమ్రావ్ సింగ్ షేర్-గిల్ ఉన్నారు, చిత్రకారిణి అమృతా షేర్-గిల్ తండ్రి. 1954లో పోయేదాకా ఆయన ఏళ్ళ తరబడి తీసింది ఎక్కువగా ఇంటి మనుషుల్నీ, తన్నూ. స్టూడియో పరదాల్లేవు, ఉన్న ఇల్లే.

పని ఎంచుకోవడం విషయానికొస్తే, రెండు ఉదాహరణలు దగ్గరగా చూద్దాం.

నాన్నగారి గడ్డం. వరండా స్తంభానికి మేకు, మేకుకి చిన్న అద్దం, గిన్నెలో నీళ్ళు. చాలామంది అద్దం మీద ఫోకస్ పెడతారు, అద్దం చెక్క అంచు స్పష్టంగా వచ్చి లోపలి ముఖం మసకైపోతుంది. అద్దంలో ముఖం దూరం అంటే మీ నుంచి అద్దానికీ, అద్దం నుంచి ఆయన ముఖానికీ ఉన్న రెండు దూరాలూ కలిపి. అందుకని ఫోకస్ చుక్కని అద్దంలోని కంటి మీద పెట్టండి, అంచు మీద కాదు. మీరు అద్దంలో పడకుండా ఆయన భుజానికి అర అడుగు పక్కకి జరగండి. పంచెలా కాదు, నురుగు తెలుపు ఫ్రేములో కాస్తే, పెంచితే అది మండిపోతుంది గనక ఇక్కడ ఎక్స్‌పోజరు పెంచొద్దు. తీయవలసిన క్షణం బ్లేడు కదిలేటప్పుడు కాదు. చెంపని వేలితో లాగి పట్టుకుంటారు చూడండి, వదులైన చర్మం బిగుసుకుంటుంది, నోరు ఒక పక్కకి పోతుంది, అప్పుడు. ఆ సొట్ట మూతి ఆయనదే, ఇంకెవరికీ ఉండదు.

అమ్మగారి ఆవకాయ. మే నెల, నేల మీద పరిచిన పాత చీర, తుడిచిన మామిడి ముక్కలు, బేసిన్లో కారం, ఆవపిండి, ఉప్పు. ఎరుపు ఫోన్లకి పడదు. గుంటూరు కారం రంగుని ఇంకా పెంచి, గుజ్జులాంటి ఒకటే ఎర్రటి మరక చేస్తాయి, పొడి గరుకుతనం పోతుంది. ఇక్కడ ఎక్స్‌పోజరు −0.7 తగ్గించండి, తర్వాత ఎడిటింగులో ఎరుపు సాచురేషను (రంగు గాఢత) పది, పదిహేను తగ్గిస్తే కారం మళ్ళీ కారంలా ఉంటుంది. కెమెరాకి లెన్సు మార్చే పని ఆ గదిలో పెట్టుకోకండి. కారం ధూళి సెన్సరు మీద పడితే తుడవడం మన వల్ల కాదు. లెన్సు మీద పడితే ముందు గాలి ఊదే బ్లోయరు, ఆ తర్వాతే గుడ్డ. నోటితో ఊదితే తడి తగిలి అంటుకుంటుంది. కలిపేటప్పుడు మోచేయి దాకా ఎర్రగా అయిన చేయి అందరూ తీస్తారు. నేనైతే జాడీకి వాసెన కట్టేటప్పుడు తీస్తాను. తెల్లగుడ్డ, రెండు చుట్లు దారం, ముడి బిగించడానికి ఒక కొస పళ్ళతో పట్టుకోవడం. ఆ పళ్ళలో ఎన్ని మిగిలాయో కూడా తెలిసిపోతుంది.

కళ్ళజోడులో కిటికీ తెల్లగా మెరిస్తే తీసేయమనకండి, జోడు లేకపోతే అది ఆయన ముఖం కాదు. చెవి మీద కాడల్ని అర అంగుళం పైకి ఎత్తమనండి, అద్దాలు కిందికి వంగి మెరుపు పోతుంది. లేదా గడ్డం కొంచెం దించమంటే చాలు.

కలరా, బ్లాక్ అండ్ వైటా? ట్యూబులైటు, ఆకుపచ్చ గోడల బాధ తప్పించుకోవడానికి చాలామంది బ్లాక్ అండ్ వైట్‌లోకి పారిపోతారు. పారిపోవచ్చు, తప్పేం లేదు, కానీ ముసలివాళ్ళు కాబట్టి నలుపు తెలుపు అనుకోకండి. పసుపు, కుంకుమ, ఇత్తడి, కనకాంబరాలు ఉన్న ఇల్లు కలర్లోనే బాగుంటుందని నా పక్షపాతం. ఏదైనా ఏడాది మొత్తానికి ఒకటే పెట్టుకోండి.

అనుమతి. స్నానం, బట్టలు మార్చుకోవడం, ఆసుపత్రి మంచం, ఇవి మీరు అడిగి వాళ్ళు సరేనన్నా తీయకూడనివి. మిగతావాటికి ఒక పద్ధతి: ప్రింటు ముందు వాళ్ళకే చూపించండి, "వద్దు" అన్నది బయటికి వెళ్ళదు, దాని గురించి మీరు మళ్ళీ అడగరు. మాట ఇచ్చాక తప్పకండి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర నిన్న సరేనన్నారు కదా అనుకోవడానికి లేదు, ప్రతిసారీ అడగాలి, ముఖం చిట్లిస్తే ఆపేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళకీ ముందే ఒక మాట చెప్పండి. "నాన్నని ఇలా లోకానికి చూపిస్తావా" అన్న గొడవ ఫేస్‌బుక్కులో పెట్టిన రోజు మొదలైతే ఇక ఫొటోల పని సాగదు. పెట్టేముందు ఫ్రేము మూలలు చూడండి: బ్యాంకు పాసు పుస్తకం, ఆధార్ జిరాక్సు, డాక్టరు చీటీ, మాత్రల అట్ట మీద పేరు. పెద్దవాళ్ళ బల్ల మీద ఇవన్నీ పరిచే ఉంటాయి.

తీసినవి ఎంచడం నెల ఆగి చేయండి. తీసిన రోజు రాత్రి మనకి నచ్చేది ఆ పూట జరిగిన ముచ్చట, ఫొటో కాదు. రెండొందల్లోంచి ఇరవై, వాటిని 4×6 వేయించి నేల మీద పరిస్తే రెండో మూడో నిలబడతాయి. వాట్సాప్‌లో పంపుకుంటే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మూడు కాపీలు ఉంచుకోండి: ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, ఇంకొకటి వేరే ఊళ్ళో గానీ క్లౌడులో గానీ. హార్డ్‌డిస్కూ ల్యాప్‌టాపూ ఒకే సంచిలో పెట్టుకుని బస్సెక్కితే అవి రెండు కాపీలు కావు.

వాన కాలం లెన్సుకి బూజు పడుతుంది, బీరువాలో ఉన్న మీ 18-55కి ఈపాటికి పట్టిందేమో చూసుకోండి. వెనక నుంచి టార్చి వేసి లోపలికి చూస్తే సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. మేలో ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా వరండాలోకి తీసుకెళ్తే లెన్సు మీద నీటి పొర కమ్ముతుంది. సంచిలోనే ఉంచి ఇరవై నిమిషాలు ఆగండి.

ప్రింటు. 12 మెగాపిక్సెల్ ఫొటో, అంటే 4000×3000, అంగుళానికి 300 చుక్కల లెక్కన 13×10 అంగుళాలకి సరిపోతుంది. అంతకంటే పెద్దది గోడకి వేసినా దూరం నుంచే చూస్తాం గనక ఇబ్బంది లేదు. గుంటూరులోనైనా, విజయవాడ గవర్నరుపేటలోనైనా కలర్ ల్యాబుకి ఇచ్చేటప్పుడు మూడు మాటలు గట్టిగా చెప్పండి: కలర్ కరెక్షను వద్దు, ముఖం స్మూత్ చేయొద్దు, లామినేషను వద్దు. పెళ్ళి ఆల్బమ్‌ల అలవాటులో చెప్పకపోయినా చేసేస్తారు, వాళ్ళకది మంచి చేయడమే. ఫైలు ఎస్ఆర్‌జీబీ (మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్ ఇవ్వండి. కాగితం మ్యాట్ అడగండి, నిగనిగలాడేదాని మీద ట్యూబులైటు పడి ఫొటో కనపడదు. ప్రింటు ఎప్పుడూ తెర మీదకంటే చీకటిగానే వస్తుంది, కాబట్టి ల్యాప్‌టాప్ వెలుగు సగానికి తగ్గించి ఎడిట్ చేయండి. ముందు ఒక 4×6 పరీక్షకి వేయించి, అది బాగుంటేనే పెద్దది. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంటు బోర్డు అడగండి, రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే చాలు. నేరుగా ఆనితే మన తేమకి ఫొటో అద్దానికి అతుక్కుంటుంది.

మీ ఇంట్లో గోడ మీద ఇప్పటికే అలా అతుక్కున్న పాత పెళ్ళి ఫొటో ఉంటే లాగొద్దు, పైపొర అద్దంతో వచ్చేస్తుంది. అద్దంతోనే దించి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి, మీ వెనక నల్ల గుడ్డ కట్టుకుని, ఎండ తగలని వెలుతురులో సూటిగా కాపీ తీయండి. ఆ ఫొటోలో ఎవరెవరున్నారో ఈసారి వెళ్ళినప్పుడే అమ్మగారిని అడిగి రాయండి. పాత కాగితం ఫొటో అయితే వెనక మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, ఒత్తకుండా. ఇప్పటి ల్యాబు ప్రింటు వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిలు పట్టదు, దానికి పిగ్మెంటు సిరా సన్న మార్కరు వాడి పది నిమిషాలు ఆరనివ్వాలి. బాల్‌పెన్ను రెండింటికీ వద్దు, రాసింది ముందువైపు ముఖాల మీద గాట్లలా తేలుతుంది.